జాలికి అవతల

మా నదిలో మొసళ్లున్నాయని నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మక్తల్ దాటాక కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని. ఎండలు ముదిరి నీళ్లు తగ్గితే అవి ఇసుక తిన్నెల మీద నోళ్లు తెరుచుకుని పడుకుంటాయి. చిన్నప్పుడు బిందె ముంచేముందు ఒక రాయి విసిరి, నీళ్లు కదులుతాయేమో చూసి దిగేవాళ్లం. మాకు తెలిసిన జాగ్రత్త అంతే. దాన్ని ఎవరూ బోర్డు మీద రాయలేదు.

రాష్ట్రం వచ్చాక మా ఊరి స్నానాల రేవుకు కొత్త మెట్లు కట్టారు. మెట్ల వెంట జనం వచ్చారు. కార్లు, పులిహోర పొట్లాలు, షాంపూ పాకెట్లు, పోతూ పోతూ నీళ్లలో వదిలేసే పాత బట్టలు. వాళ్లలో ఎవరో ఒకరోజు మెట్లకు కాస్త దూరంలో మొసలి తల చూశారు. అరిచారు, వీడియో తీశారు. ఆ వీడియో మా ఊళ్లోవాళ్లు చూసేలోపే హైదరాబాద్ అంతా తిరిగింది. మేం పుట్టినప్పటి నుంచి చూస్తున్న మొసలి అప్పుడు ప్రమాదం అయి కూర్చుంది. కొద్దిరోజుల్లోనే ఇనుప జాలి దిగింది.

జాలి బాగానే వేశారు, అబద్ధమెందుకు. మెట్ల ముందు నీళ్లలో గుంజలు పాతి, చుట్టూ బిగించారు. భక్తులు దాని లోపల ఎన్ని మునకలైనా వేయొచ్చు. పక్కనే ఎర్ర అక్షరాల బోర్డు: ‘మొసళ్లు కలవు. జాలి దాటి వెళ్లరాదు.’ దాటబోయిన వాళ్లను ఆపడానికి ఈల వేసే మనిషి ఒకడు. మా అమ్మ గురించి మాత్రం ఆ బోర్డు రాసినవాళ్లకు గానీ, ఆ ఈల వేసేవాడికి గానీ ఏ ఫికరూ లేదు.

మాది గొర్రెల ఇల్లు. ఉన్ని కత్తిరించే ముందు మందను నదిలో కడగాలి. మట్టి, ముళ్లు పట్టిన ఉన్నిని గొంగడి నేసేవాళ్లు ముట్టరు. గొర్రె తనంతట తాను పారే నీళ్లలోకి రాదు. ముందు పొట్టేలు దిగితే దాని వెనక మంద దిగుతుంది. మా పొట్టేలేమో అమ్మ చేతి జొన్నలు తిని పెరిగింది. అమ్మ వెనక తప్ప ఇంకెవరి వెనకా నడవదు. కాబట్టి ఏటా అందరికంటే ముందు నడుములోతు నీళ్లలో నిలబడేది అమ్మే. మా నాయిన పోయాక మంద మీద పెత్తనం పెదనాయినది. నాయిన అన్న ఆయన. మంద కడిగే రోజు ఆయన పని ఒడ్డున నిలబడి కేకలు వేయడం.

మేం గొర్రెలను కడిగే జాగా ఆ మెట్ల పక్కనే ఉండేది. అడుగు గట్టిగా, లోతు తక్కువగా ఉండే చోటు. అదంతా జాలి లోపలికి పోయింది. ఎండాకాలం మొదట్లో, మందను కడిగే వారం వచ్చేసరికి, రేవు చూసుకునే సారు మా ఇంటికే వచ్చాడు. మహబూబ్‌నగర్‌లో కొలువు చేసుకుంటున్న నేను అప్పుడు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను.

“గొర్లను జాలి లోపట కడుగొద్దు. నీళ్లు ఖరాబైతున్నయని భక్తులు లొల్లి జేస్తున్నరు. మీరు అవతలకు పోండ్రి,” అన్నాడు.

“అవతల మొసలి ఉన్నది గద సారూ?” అన్నాను.

“అందుకే గద జాలి ఏసినం.”

వేళాకోళం ఆడుతున్నాడేమోనని ముఖంలోకి చూశాను. లేదు. మా అమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ, చక్కెర జర ఎక్కువైందన్నట్టు మూతి తిప్పుతూ, మామూలుగానే అన్నాడు. ఆ జాలిని ఇంకొంచెం కిందికి పొడిగించమని అడిగాను. ఒక్క పూట భక్తులను ఆపమని అడిగాను. ఎవరి జాగ్రత్త వాళ్లే చూసుకోవాలని చెప్పి బండెక్కి పోయాడు. ఆ గ్లాసు కడగడానికి నాకు చేతులు రాలేదు. బయటికి విసిరేశాను.

ఇక మిగిలింది పెదనాయిన. ఈసారి చేలో బోరు దగ్గర పైపు పెట్టి కడుగుదామన్నాను.

“బోరు నీళ్లు సవుడు నీళ్లు. ఉన్ని గట్టిపడ్తది. నీకేమెర్క? మా తాత కాలం సంది గంగలనే కడుగుతున్నం. గంగమ్మ మనను ఏమనది.”

“గంగమ్మ ఏమనది పెదనాయినా, మొసలి అంటది. నీళ్లల్ల దిగేది మా అమ్మ.”

“దిగకుంటే పొట్టేలు దిగుతదా? నాలుగు అక్షరాలు సదువుకోంగనే ఇంట్ల పెద్దరికం జేస్తవా?”

ఇంట్లో ఆయన మాటకు తిరుగు లేదు. గొర్రెల మీద ఆయనకున్న ప్రేమ నిజమే. ఒక పిల్ల జబ్బు పడితే అన్నం మానేసేవాడు. ఆ ప్రేమలో పావు వంతైనా తమ్ముడి భార్య మీద లేదని నాకు ఆ రోజు అర్థమై, ఒళ్లు మండిపోయింది. అమ్మను అడ్డుకోబోయాను. “నేను వోకుంటే మంద ఇట్లనే నిలవడ్తది బిడ్డా,” అంది. ఆమె గొంతులో భయం ఉంది. దాన్ని వినేవాళ్లు ఆ ఇంట్లో నేను తప్ప లేరు.

మర్నాడు పొద్దున జాలి దాటాక ఉన్న ఒడ్డుకు మందను తోలాం. అక్కడ అడుగంతా బురద. రాళ్లు విసిరాను. ఒకటి కాదు, చేతికందినవన్నీ విసిరాను. ఏమీ కదల్లేదు. జాలి లోపల భక్తులు ఆనందంగా మునకలేస్తూ, మా గొర్రెలను చూసి ముక్కులు మూసుకుంటున్నారు.

అమ్మ కొంగులో జొన్నలు పోసుకుని, పొట్టేలు తాడు పట్టుకుంది.

“తాడు చేతికి సుట్టుకోకమ్మా. వదులుగ వట్టుకో,” అన్నాను.

“సుట్టుకొమ్మను. పొట్టేలు బెదిరితే చేతికందది,” అని వెనక నుంచి పెదనాయిన.

అమ్మ ఇద్దరి మాటా విన్నది. తాడును చుట్టకుండా పిడికిట్లో పట్టుకుని దిగింది. మోకాళ్లు, తొడలు, నడుము. పొట్టేలు ఆమె పక్కన ఈదుతోంది. వెనక గొర్రెలు ఒక్కొక్కటే తడుస్తున్నాయి.

నేను మొసలిని చూడలేదు. పొట్టేలు ఒక్కసారి పక్కకు ఒరిగి నీళ్లలో మునిగిపోవడం చూశాను. అరవనైనా లేదు ఆ జీవి. తాడు బిగిసింది, అమ్మ ముందుకు తూలింది, నీళ్లు ఆమె గొంతు దాకా వచ్చాయి. అప్పుడు ఆమె పిడికిలి విప్పింది. నేను దిగి ఆమె రెక్క పట్టి గుంజుకొచ్చేసరికి గొర్రెలన్నీ మా మీదుగా ఒడ్డెక్కుతున్నాయి. జాలి లోపలి వాళ్లు ఫోన్లు ఎత్తారు. ఈల మాత్రం మోగింది, ఎందుకో, ఎవరి కోసమో.

అమ్మ బురదలో కూలబడింది. తాడు ఒరుసుకుపోయి అరచేతి తోలు లేచింది. నెత్తురు కారుతోంది. నేను నా చున్నీ చింపి కడుతున్నాను. పెదనాయిన మా దగ్గరికి వచ్చాడు. పంచె అంచు కూడా తడవలేదు.

“తాడెందుకు ఇడిశినవ్? సుట్టుకొమ్మని చెప్తి గద! అసువంటి పొట్టేలు మళ్ల దొరుకుతదా?”

నా చేతిలో ఆ క్షణం రాయి ఉంటే ఆయన తల మీద వేసేదాన్ని. ఈ మాట ఇప్పుడు రాస్తున్నప్పుడూ వెనక్కి తీసుకోను. తిట్టడానికి నోరు తెరిచాను, కానీ అమ్మ నా భుజం పట్టుకుని లేచింది.

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావకు ఎదురు నిలిచి మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే పిల్లల వైపు చూసి చెబుతుంది, ఆయన వింటాడు. అమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి అట్లాగే బతికింది. ఆ రోజు నా వైపు చూడలేదు. తడి కొంగు నెత్తి మీది నుంచి జారిపోయినా సర్దుకోకుండా, ఆయన కళ్లలోకి చూసింది.

“ఒచ్చే యేడు నువ్వు దిగు బావా. తాడు చేతికి సుట్టుకొని దిగు.”

పెదనాయిన నీళ్ల వైపు చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.