వైరు పీకమనే అమ్మాయి

"బాబాయ్ గారూ, ఒక్కసారి ఆ వైరు పీకుతారా?"

రైలు అప్పుడే స్టేషను దాటి వేగం అందుకుంటోంది. ఫొటో స్టూడియో ఆయన తలెత్తాడు. ఎదురు సీట్లో కాలేజీ పిల్ల. ఒళ్ళో చుట్టచుట్టిన డ్రాయింగు కాగితాలు. చూపు మాత్రం ఆయన ల్యాప్‌టాప్ మీదే. దాని బరువుకి తొడలు తిమ్మిరెక్కుతున్నా, మీటల కింద ఎర్రలైట్లు వెలుగుతుంటే ఆయనకదో దర్జా.

రైల్లో చోటడిగేవాళ్ళుంటారు, పేపరడిగేవాళ్ళుంటారు. కిటికీ మూయమనేవాళ్ళూ తెరవమనేవాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుని లోకాన్ని నడిపిస్తుంటారు. వైరు పీకమన్న మనిషి మాత్రం ఇన్నేళ్ళ ప్రయాణాల్లో ఆయనకెక్కడా తగల్లేదు.

"నీ ఫోను ఛార్జింగు పెట్టుకోవాలా అమ్మా?"

"కాదండీ. నేను కొందామనుకుంటున్న రెండు ల్యాప్‌టాపుల్లో ఇదొకటి. షాపువాడు వైరు పీకి చూడనివ్వడు. వైరున్నంతసేపూ అన్నీ పులులే కదా! రోజూ ఈ ప్లగ్గున్న సీటు నాకెవరిస్తారు?"

రెండోది సన్నటిదట. పొద్దంతా ఛార్జింగు నిలుస్తుందట. కానీ ఈమె ఆడే అడవి ఆట దాంట్లో కాలు కదపదట.

"చదువుకునే పిల్లవి, ఆటలేంటి తల్లీ?"

"మా అక్కతో ఆడతానండీ. తను నర్సు. సాయంత్రం డ్యూటీ మధ్యలో తను టీకి లేచే టైమూ నా రైలు టైమూ ఒకటే. ఫోను చేస్తే 'తిన్నావా, చదివావా' అని పెట్టేస్తుంది. ఆటలో పడిందంటే ఎందుకేడ్చిందో, ఎవర్ని తిట్టిందో అన్నీ కక్కేస్తుంది. నా పాత ల్యాప్‌టాప్ చచ్చినప్పట్నుంచీ ఉత్త 'తిన్నావా, చదివావా'నే."

ఆయనిక కాదనలేకపోయాడు. వైరు పీకాడు. ఆమె చెప్పిన ఆట తెరిచి, "మావాడు వేశాడులే" అని గొణిగాడు. ఆటగాడి పేరు చోట సాక్షాత్తూ ఆయన స్టూడియో పేరే ఉంది. ఇద్దరూ చూడనట్టే ఊరుకున్నారు.

వేటగాడు నాలుగడుగులు వేశాడో లేదో, జ్వరమొచ్చినవాడిలా తూలడం మొదలెట్టాడు. ఫ్యాను గోలపెట్టింది. బ్యాటరీ చూస్తుండగానే కరిగిపోతోంది. ఆయన మొహం మాడిపోయింది. ఏడాదిగా తను మురిసిపోతున్న పులి, వైరు పీకితే ఉత్త దూడా!

"ఇటివ్వండి" అంటూ ఆ పిల్ల సెట్టింగుల్లో దూరింది. నీడలు తీసేసింది. నీళ్ళ మీద మెరుపులు తీసేసింది. గడ్డి కూడా తీసేసింది.

"అయ్యయ్యో! అందమంతా గడ్డిలోనే ఉంది కదమ్మా!" ఫొటోలు తీసే ప్రాణం విలవిల్లాడింది.

"మేమేమన్నా గేదెలమా బాబాయ్ గారూ?"

చివరికి సెకనుకి ఇన్నని వచ్చే బొమ్మల లెక్కని సగానికి కట్టేసింది. ఫ్యాను గొంతు తగ్గింది. వేటగాడు బోడి అడవిలో చకచకా నడిచాడు. ఆమె ఆడుతూనే ఉంది. స్టేషన్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. ఆయన తన పని మానేసి, సొంత బిడ్డ పరీక్ష రాస్తున్నట్టు బ్యాటరీ గుర్తునే చూస్తూ కూర్చున్నాడు. ఆమె దిగే ఊరి దీపాలు కనబడేసరికి ఇంకా కాస్త మిగిలే ఉంది.

"గట్టిదే!" అన్నాడాయన, తనే తయారుచేసినట్టు.

ఆమె దాన్ని ఒంటిచేత్తో పైకెత్తి చూసింది. "బరువే. పోన్లే, మోస్తా." ఆయన ఒళ్ళో పెట్టి, కాగితాలు చంకన పెట్టుకుని ఫోను తీసింది.

"అక్కా! తేలిపోయింది, లావుదే కొంటున్నా. గడ్డి పీకేస్తే సరిపోతుంది... ఛీ, నిజం గడ్డి కాదే! ఏంటా గొంతు? మళ్ళీ ఏడ్చావా? ఇప్పుడు చెప్పకు. దాచుకో, ఆటలో చెబుదువుగాని..."

బండి ఆగింది. వెళ్ళొస్తానంటుందేమోనని ఆయన చెయ్యి సగం లేపాడు. ఆమె మాట్లాడుతూనే దిగి, మాట్లాడుతూనే జనంలో నడిచిపోయింది.