ఇప్పపూలు నిండిన హెల్మెట్లు

ఏన్కూరు దాటాక, అడవి అంచున కల్వర్టు పని నడుస్తున్న రోజులవి. సేఫ్టీ అడ్వైజర్‌గా సైట్లు తిరిగే నాకు ఎక్కడికి వెళ్లినా ముందు పైకి చూడటం అలవాటు. క్రేన్ కొక్కెమో, వదులైన చెక్కో ఎవరి నెత్తిన పడుతుందోనని ఎప్పుడూ ఒకటే గుబులు.

ఆ పొద్దున పని మొదలుకావడానికి గంట ముందే చేరాను. షెడ్డులో హెల్మెట్లు తగిలించే మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి. పొగమంచు ఇంకా వీడలేదు. గాలి నిండా తియ్యటి, మత్తు వాసన. ఆ వాసన వెంట కలలో నడిచినట్టు నడిచాను. మా దగ్గర కూలికి వచ్చే గూడెం ఆడవాళ్లు ఇప్పచెట్టు కింద వంగి పూలు ఏరుతున్నారు. పక్కనే మా పసుపు హెల్మెట్లు వెల్లకిలా పడున్నాయి, నిండా పూలతో.

నాకు ఒళ్లు మండింది.

"నెత్తికి పెట్టుకోమని ఇస్తే గంపలు చేసుకున్నరా?" అని అరిచాను.

వాళ్లలో పెద్దామె నడుము ఎత్తకుండానే అంది: "పనికాడ పెట్టుకుంటం గద సారూ. ఆడ రాయి పడితే నెత్తి పగులుద్ది. ఈడ పడేది పువ్వేనాయె."

అలవాటు కొద్దీ పైకి చూశాను. ఆకుల్లేని కొమ్మల నుంచి లేత పసుపు పూలు ఒక్కొక్కటే, తొందరేమీ లేనట్టు రాలుతున్నాయి.

పైనుంచి ఏదైనా రాలుతుంటే కిందివాళ్లను తప్పుకోమనడమే నా ఉద్యోగం. ఆ పొద్దున మాత్రం నా హెల్మెట్ తీసి ఆమె చేతికిచ్చి, నేనే వెళ్లి కింద నిలబడ్డాను.