ట్రైలర్లు మాత్రమే చూసే మా పాస్టరమ్మ

పోయిన మంగళవారం పొద్దున్నే చర్చి మైకులో మా పాస్టరమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయినారని చెప్పినారు. వాకిలి ఊడుస్తా ఉన్నా. చేతిలో చీపురు చేతిలోనే ఉండిపోయింది. ఆమెకు షుగరు ఉంది, గుండె బలహీనమని డాక్టరు చెప్పినాడు, అన్నీ తెలుసు. తెలిసి ఏం లాభం? మన మనిషి పోయినారంటే మనసు ఒప్పుకోదు. వాకాడు పక్కన మాది సముద్రంలో చేపల వేటకు పోయే పల్లె. పెద్ద పాస్టరుగారు పోయి కొన్నేళ్లయినా ఆయన భార్యను మేము పాస్టరమ్మ అనే పిలుచుకున్నాం. ఆమె భక్తి గురించి, చేసిన ప్రార్థనల గురించి సమాధి దగ్గర అందరూ మాట్లాడినారు. సినిమా ట్రైలర్ల మాట ఒక్కరు కూడా ఎత్తలేదు. అందుకే నేను రాస్తున్నా.

నవ్వబాకండి. మా పాస్టరమ్మకు ట్రైలర్లంటే ప్రాణం. సినిమా మాత్రం చూడరు. పెళ్లినాడు సంఘం ముందర నిలబడి సినిమా హాలు గడప తొక్కనని మాట ఇచ్చినారంట. మా సంఘంలో పాస్టరు ఇంటికి కోడలిగా వచ్చే ప్రతి పిల్లా ఇవ్వాల్సిన మాట అది. చేతికి ఫోన్ వచ్చినాక ఆమెకు ఒక దారి దొరికింది. ట్రైలర్ అంటే సినిమా కాదు, హాలుకు పోయి చూసేదీ కాదు. ఒకసారి పాస్టరుగారు వెనకగా వచ్చి నిలబడి, "ఏందది?" అని అడిగినారంట. "ప్రకటనండీ" అన్నారంట ఈమె. ఆయన కాసేపు చూసి, "ఆ ముసలాయన బతుకుతాడా?" అని అడిగి, జవాబు రాకముందే బైబిలు తీసుకుని బయటికి పోయినారంట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

ట్రైలర్ చూసేదానికి ఆమెకో పద్ధతి ఉంది. మొదటిసారి సౌండ్ తీసేసి చూడాల. "డప్పులు మోగితే ఎవుడైనా మొనగాడే మే. మూగగా ఉన్నప్పుడు చూడు, వాడి మొహంలో ఏముందో తెలుస్తాది" అనేవారు. రెండోసారి సౌండ్ పెట్టి. ఆ తర్వాత కథంతా ఆమే అల్లి చెప్పేవారు. ఆదివారం ఆరాధన అయిపోయి చాపలు చుట్టేటప్పుడు మేమంతా చుట్టూ చేరేవాళ్లం. గూడూరు పోయి సినిమా చూసొచ్చినోళ్లు ఆమెకు అప్పజెప్పాల, ఉన్నది ఉన్నట్టు. సగం సినిమాలకు ఉసూరుమంటా తిరిగొచ్చేవాళ్లం. "అమ్మగారూ, మీరు చెప్పిన కథే నయం, వాడు తీసింది చెత్త" అంటే ఆమె మురిసిపోయేవారు కాదు. "పాపం, మంచి ముక్కలన్నీ ఏరి ముందే వడ్డించేసినారు, గిన్నెలో ఇంకేం మిగల్లా" అని బాధపడేవారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాల. నా మొగుడు వేటకు పోయి తుఫానులో చిక్కి తిరిగి రాలేదు. పడవ ముక్కలు దొరికినాయి, మనిషి దొరకలా. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామని సంఘపెద్దలు వచ్చి అడిగితే, దొరకని మనిషికి కూడిక ఏందని అరిచి పంపించేసినా. ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాడని నా నమ్మకం. పాస్టరమ్మ ఒక్కరే నన్ను ఆ మాట ఎప్పుడూ అడగలేదు.

పోయిన ఏడు ఒక సముద్రం సినిమా ట్రైలర్ వచ్చింది. వేటకు పోయిన మొగుడి కోసం ఎదురుచూసే ఆడమనిషి కథ. చివర్లో వాడు అలల్లో నుంచి నడుచుకుంటా వస్తాడు, చెయ్యెత్తుతాడు, ఆమె పరిగెత్తుతాది. అబ్బా, ఆ పాట, ఆ వయొలిన్లు! ఎన్నిసార్లు చూసినానో నాకే తెలియదు. వాడు వచ్చినాడు కదా, మావోడు మాత్రం ఎందుకు రాడు అని పిచ్చి ధైర్యం. శనివారం పల్లె ఆడోళ్లంతా ఆటోల్లో పోదామనుకుంటే నేనూ వస్తానన్నా. పాస్టరమ్మ నా ఫోన్ తీసుకుని, సౌండ్ తీసేసి, ఆ ముక్క చూసినారు. మళ్లీ చూసినారు. కథ చెప్పమంటే, "ఇది నాకు అంతుబట్టలేదు మే" అని ఫోన్ ఇచ్చేసినారు.

శుక్రవారం సాయంత్రం నేను ఎండుచేపలు ఎత్తుకుంటా ఉంటే మా ఇంటికి వచ్చినారు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టినారు.

"రేపు పోబాక మే. ఆయన రాడు. అది ఆ పిల్లకు వచ్చే కల."

"మీకెవురు చెప్పినారు?"

"నేనే చూసొచ్చినా."

ఆమె తెల్లచీర పాప్‌కార్న్ వాసన కొడతా ఉంది. ఒంటరిగా బస్సెక్కి గూడూరు పోయి, టికెట్టు ఎక్కడిస్తారో కూడా తెలియక ఎవురినో అడిగి, పెళ్లయినాక మొదటిసారి హాల్లో కూర్చుని వచ్చినారు. "ఆ పిల్ల అట్ల పరిగెత్తతా ఉంటే ఒడ్డున ఉన్నోళ్లు ఒక్కరు కూడా తిరిగి చూడలేదు మే. అందుకే అనుమానం వచ్చింది" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మిమ్మల్నెవురు పొమ్మన్నారు? నా సంగతి మీకెందుకు?" అని అరిచినా. నేను అరిచినంతసేపూ ఆమె విన్నారు. "ఈ మాట నీకు చీకట్లో, నలుగురి మధ్యన తెలియకూడదు. ఇంట్లో తెలియాల" అన్నారు. అప్పుడు ఏడ్చినా. మావోడు పోయినాక అంతగా ఏడవడం అదే మొదలు. పొద్దుగూకేదాకా నా తల ఆమె ఒళ్లోనే ఉంది. ఎప్పటికో తేరుకుని, ఇంతకీ సినిమా బాగుందా అని అడిగినా. "ట్రైలర్ కన్నా బాగుంది మే. నిజం చెప్పినారు" అన్నారు.

ఆదివారం ఆరాధనలో ఒక్కొక్కరే లేచి సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఆమె లేచి, "నేను సినిమా హాలుకు పోయినాను. ఇచ్చిన మాట తప్పినాను" అన్నారు. ఎందుకు పోయినారని పెద్దలు అడిగితే, "అది దేవుడికి తెలుసు" అని కూర్చున్నారు. నేను లేవబోతే మోకాలి మీద చెయ్యేసి ఆపినారు. నా మొగుడి పేరు ఈ గొడవలోకి రాకూడదని ఆమె పట్టుదల. కొన్నాళ్లపాటు సంఘం ముందర నిలబడి పాట పాడకూడదని, వెనక వరసలో కూర్చోవాలని పెద్దలు చెప్పినారు. సరేనన్నారు.

ఆ శిక్ష ఇంకా తీరకముందే నేనే పెద్దల దగ్గరికి పోయి కూడిక పెట్టమని అడిగినా. ఆ రోజు ముందర మావోడి ఫోటో పెట్టి దండ వేసినారు. నాకు మొదటి వరసలో కుర్చీ వేసినారు. మా పల్లెలో ఎవురి కూడికకైనా మొదటి పాట ఎత్తుకునేది పాస్టరమ్మే. కొత్త పాస్టరుగారు పాటల పుస్తకం తెరిచి ఎవురు పాడతారా అని చూసినారు. ఎవురూ లేవలేదు. నేను కుర్చీలో నుంచి లేచి, అందరి మధ్యలో నుంచి నడిచిపోయి, వెనక తలుపు దగ్గర చాప మీద ఆమె పక్కన కూర్చున్నా. "పాడండమ్మా" అన్నా. ఆమె పెద్దల వైపు చూడలేదు. నా చెయ్యి పట్టుకుని, కూర్చున్న చోటి నుంచే పాట ఎత్తుకున్నారు. ముందు వరసల్లోని వాళ్లు ఒక్కొక్కరే మా వైపు తిరిగి కూర్చున్నారు.