నవ్వే కొలువు

పొద్దున పూట కొండాపూర్ సిగ్నల్ దగ్గర కార్లలో ఇరుక్కున్నవాళ్ళలో శిరీష గొంతు ఎరగనివాళ్ళు తక్కువ. మొహం మాత్రం ఎవరికీ తెలియదు. లింగంపల్లి నుంచి షేర్ ఆటోలో వస్తుంటే రేడియోలో తన గొంతే మోగినా, పక్కన కూర్చున్నామె తిరిగి చూడదు.

ఎఫ్ఎం స్టేషన్లో ఆమె కొలువు నవ్వడం. ట్రాఫిక్, క్రికెట్, రాజకీయం అన్నీ అవినాష్ చెబుతాడు. అతను పెళ్ళాల మీద జోకేస్తే శిరీష కిలకిలా నవ్వాలి. నవ్వనప్పుడు గయ్యాళి భార్యో, పరాయి మగాణ్ణి వల్లో వేసుకునే ఆడదో అవ్వాలి. ఆ స్టూడియోలో ఆడదానికి ఇంకో వేషం లేదు. ఓసారి ట్రాఫిక్ వార్తలు తను చదువుతానంది. "నీ నవ్వే మన బ్రాండ్ శిరీషా" అన్నాడు అవినాష్. పొగిడి నోరు మూయించడం కూడా ఒక విద్యే మరి.

ఆఫీసులకు బయల్దేరే వేళ అసలు తమాషా ఉంటుంది. మొగుడే ముందుగా భార్య నంబరిస్తాడు. శిరీష ఆమెకు ఫోన్ చేసి, "మీ ఆయన నావాడు" అంటుంది. మొగుడు ఇంకో లైనులో కిక్కురుమనకుండా అంతా వింటాడు. భార్య ఏడ్చో తిట్టో అలిసిపోయాక "ఉత్తుత్తికే!" అంటూ ఊడిపడతాడు. ఇదంతా ఊరికి అప్పటికప్పుడు వినబడుతుంది. ఒకామె ఏడుస్తుంటే అంత నవ్వెందుకొస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ రోజు నంబరిచ్చినవాడు ప్రగతి నగర్ నరేందర్. భార్య పేరు బుజ్జి.

"హలో, బుజ్జిగారా? మీ నరేందర్ ఫ్రెండుని. ఆయన్ని నాకొదిలెయ్యండి" అంది శిరీష వయ్యారం ఒలకబోస్తూ.

తిట్లు రాలేదు. కుక్కరు కూసింది.

"నిజంగనే తీసుకపోతవా అక్కా?" అంది బుజ్జి మెల్లగా. "జల్ది తీసుకపో. రాత్రి కొట్టిన దెబ్బలకు చెయ్యి లేస్తలేదు."

అవినాష్ పకపకా నవ్వి, నీ వంతన్నట్టు సైగ చేశాడు. అంతలో కుక్కరు మళ్ళీ కూసింది. ఈసారి ఆ కూత నరేందర్ లైనులోనూ వినిపించింది. అంటే అతను ఇంట్లోనే ఉన్నాడు, అన్నీ విన్నాడు.

భయమేసింది. అంతకంటే తన మీద తనకే అసహ్యం వేసింది. తన వేషమే ఆ పిల్లను పట్టిచ్చింది.

గబగబా బుజ్జి లైనును ప్రసారం నుంచీ నరేందర్ లైను నుంచీ తప్పించి, తన మైకు కట్టేసి, రిసీవరు చెవిన పెట్టుకుంది. రెండో చేత్తో అవినాష్ మణికట్టు పట్టుకుని, నరేందర్‌తో మాట్లాడిస్తూనే ఉండమని సైగ చేసింది. అతనికి అర్థమైందో లేదో గానీ, మొగుళ్ళ కష్టాలంటే అతని నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

"నరేందర్ భయ్యా! మీ మిసెస్ మిమ్మల్ని దానం చేసేసిందేంటి?"

"ఆమెకు జర మెంటల్ అన్నా" అన్నాడు నరేందర్, పళ్ళు కొరుక్కుంటూ నవ్వి.

ఇటు శిరీష గొంతు తగ్గించింది. "బుజ్జీ, నేను రేడియోల పనిజేస్త. నువ్వన్న మాట మీ ఆయన విన్నడు. ఇంట్లనే ఉన్నడు."

"బెడ్రూంల తలుపేసుకున్నడు. ఎంత పని జేసినవక్కా!"

"తప్పే. తర్వాత తిట్టుకో. స్టవ్ బంద్ జెయ్యకు, కూత ఆగితే అనుమానమొస్తది. చప్పుడు గాకుండ రోడ్డు మీదికి నడువు. నీకెవరన్న ఉన్నరా?"

"లింగంపల్లిల మా అమ్మ."

"ఆటో ఎక్కు. నేను గూడ ఆడికే వస్త."

గడియ కిర్రుమంది. శిరీష కళ్ళు మూసుకుంది. హెడ్‌ఫోన్ చెవిలో నరేందర్ ఊరందరికీ నీతులు చెబుతున్నాడు.

"ఆడోళ్ళను నెత్తికెక్కించుకోవద్దన్నా."

"కరెక్ట్ భయ్యా!"

హెడ్‌ఫోన్‌లో కుక్కరు ఇంకోసారి కూసింది. రిసీవరులో మాత్రం కూత లేదు, బండ్ల హారన్లున్నాయి.

"ఏయ్ బుజ్జీ! స్టవ్ బంద్ జెయ్!" నరేందర్ అరిచాడు. మళ్ళీ అరిచాడు. తలుపు ధడేల్‌మంది.

"చూశారా ఫ్రెండ్స్, పెళ్ళాలు ఏనాడు మాటింటారు!" అంటూ అవినాష్ ఆమె మైకు తెరిచి, నవ్వమని చెయ్యి ఊపాడు.

"ఎక్కిన అక్కా" అంది బుజ్జి రిసీవరులో.

సిగ్నల్ దగ్గర ఆగిన కార్లన్నిటిలో, శిరీష నవ్వాల్సిన చోట, కుక్కరు కూత ఒక్కటే వినిపించింది.