సీలింగ్ పైన ఖాళీ చోటు

మంగళవారం పొద్దున్న నేను రాజోలు వైపు కుటుంబ ప్రార్థనకు బయలుదేరుతుండగా మా సంఘం హాస్టల్ వార్డెనమ్మ ఫోను చేసింది. మా సంఘపెద్దగారు నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారని చెప్పింది. ఆ వెంటనే ఆమే అడిగింది: "మరి ఆదివారం పైకెవరెక్కుతారండి?"

ఆ ప్రశ్న అర్థం కావాలంటే ఆయన సంగతి కొంత చెప్పాలి.

ఆయన అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరయిన మనిషి. ఎవరింటికి భోజనానికి వెళ్లినా కూర్చోబోయే ముందు "ఇటేపు దారుందాండి?" అంటూ పెరటి తలుపు చూసి వచ్చేవారు. పెళ్లిలో అందరూ పెళ్లికూతురిని చూస్తుంటే ఈయన పందిట్లో వేలాడే వైర్లు చూసేవారు. నేను ప్రసంగంలో నరకాగ్ని మీద గొంతు చించుకున్న ఆదివారాల్లో మెట్ల దగ్గర ఆగి, "ఆ అగ్ని మీరు చూసుకోండి బ్రదర్ గారూ, ఈ అగ్ని నేను చూసుకుంటాను" అనేవారు. నవ్వకుండా అనేవారు.

అమలాపురంలో చదువుకునే ఆడపిల్లల కోసం మందిరం పక్కన హాస్టల్ కట్టినప్పుడు గదుల్లో స్ప్రింక్లర్లు పెట్టించింది ఆయనే. వేడి తగిలితే అవి వాటంతటవే నీళ్లు చిమ్ముతాయి. చిక్కల్లా ఫాల్స్ సీలింగుకీ శ్లాబుకీ మధ్య మిగిలిన చోటుతో వచ్చింది. ఎలక్ట్రీషియనో ప్లంబరో చిన్న తలుపులోంచి దూరి, పాక్కుంటూ వెళ్లి రిపేర్లు చేసుకునే చోటది. అక్కడా స్ప్రింక్లర్లు పెట్టాలా, అక్కర్లేదా?

పెట్టాలన్నాను నేను. ఐగుప్తులో మరణదూత దాటిపోవాలని గుమ్మాలకు రక్తం పూసిన ఆ రాత్రి ఒక్క గుమ్మం వదిలేసి ఉంటే ఏమయ్యేదని కమిటీలో గట్టిగానే అడిగాను. కింద నిద్రపోయేది మన పిల్లలు.

ఆయన ప్యాంటు మడుచుకుని, టార్చి పట్టుకుని లోపలికి దూరారు. చాలాసేపటికి దిగి మోకాళ్లు దులుపుకున్నారు. "పైన కాంక్రీటు, కింద ఇనప ఫ్రేమూ జిప్సం బోర్డూనూ. వైర్లన్నీ ఇనప గొట్టాల్లో ఉన్నాయండి. అంటుకునేదేం లేదు. ఇలాగే ఉంటే అక్కర్లేదు."

"అంత చోటు ఊరికే వదిలేత్తామాండి? పాత పరుపులు పెట్టుకుంటాను," అంది వార్డెనమ్మ. మన వైపు అటక ఖాళీగా ఉన్న ఇల్లు ఎవరైనా చూశారా?

"పరుపు పెడితే నీళ్లూ పెట్టాలమ్మా. అక్కడ మనిషి పని చేసుకుని దిగిపోవాలి. సామాను కాపురం పెట్టకూడదు." ఆపైన నావైపు తిరిగారు. "గుమ్మానికి రక్తం గుర్తు పెట్టమన్న వాక్యంలోనే, ఇంట్లో పులిసిన పిండి ఉండకూడదనీ ఉంది కదండీ బ్రదర్ గారూ."

వాక్యం నా చేతిలోనే ఉంది. నెగ్గింది ఆయన మాట.

అయితే ఒక షరతు పెట్టారు. "నేను చూసినంత కాలం అక్కర్లేదండి. చూసేవాడు లేనినాడు పెట్టించెయ్యండి."

ఇక ప్రతి ఆదివారం ఆరాధన కాగానే, తెల్ల చొక్కాతోనే నిచ్చెన ఎక్కి, ఆ చిన్న తలుపు తీసి తల లోపలికి పెట్టి చూసేవారు. ఒక జనవరిలో థర్మకోల్ నక్షత్రం, రంగు కాగితాల తోరణాలు దొరికాయి. యువకుల పని.

"వచ్చే క్రిస్మస్ దాకానే కదండీ," అన్నాడు వాళ్లలో ఒకడు.

"నక్షత్రం ఆకాశంలో ఉండాలి నాయనా, అటక మీద కాదు," అని అదంతా ఆయనే కిందికి దింపారు. చొక్కా నిండా దుమ్ము.

భూస్థాపన అయిన తరవాతి ఆదివారం కమిటీ కూర్చుంది. పైన స్ప్రింక్లర్లు పెట్టించేద్దామన్నాను.

"ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంది కదండీ, ఇప్పుడెందుకు?" అన్నారొకరు.

"ఉండలేదండి. ఆయన ఉంచేరు," అంది వార్డెనమ్మ. పరుపులకు చోటడిగిన వార్డెనమ్మే. ఆ పూటే తీర్మానం రాసేశాం.

పైపుల పని ఇంకా సాగుతోంది. అది పూర్తయ్యేదాకా ఆదివారం నేనే ఎక్కుతున్నాను. లోపల ఏమీ లేదు. టార్చి వెలుగు ఆ చివరిదాకా అడ్డు లేకుండా వెళ్తుంది. తలుపు చట్రం చుట్టూ దుమ్ము పట్టి ఉంది, రెండు చోట్ల తప్ప. తల లోపలికి పెట్టే ముందు ఆయన అరచేతులు ఆనించిన చోట్లు అవి. రంగు అరిగి ఇనుము నున్నగా మెరుస్తోంది. నా చేతులూ అక్కడే ఆనుతున్నాయి.