గంట మోగని ఇల్లు

అది 2022. నార్త్ కరొలైనాలోని క్యారీలో, ఒక క్లినిక్‌లో నేను జెనెటిక్ కౌన్సెలర్‌ని. మందులు రాయను. కుటుంబాల్లో తరతరాలుగా నడిచే జబ్బుల కూపీ లాగి, ఎవరికి ప్రమాదం ఉందో చెప్తాను. అందుకు పెడిగ్రీ అనే వంశవృక్షం గీస్తాం. మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి సున్నా, పోయినవాళ్ల మీద అడ్డగీత.

ఆ అక్టోబర్‌లో స్వాతి తన పదహారేళ్ల కూతురు లిల్లీని తీసుకొచ్చింది. స్కూల్లో ఫైర్ అలారం మోగగానే పిల్ల స్పృహ తప్పిందట. స్వాతిది గుంటూరు. భర్త ఎడ్వర్డ్ పూర్వీకులు ఇంగ్లండ్‌లో బిరుదులున్న ప్రభువులు. వాళ్ల కోట ఏనాడో పరాయివాళ్ల చేతికి పోయింది కానీ, ఒక ఆచారం మాత్రం సముద్రం దాటి వచ్చింది.

"మా అత్తగారింట్లో గంట మోగకూడదక్కా. కాలింగ్ బెల్ ఉండదు, అలారం ఉండదు. మోగితే ఆ వంశంలో ఒకరు పోతారట."

నాకు నవ్వాగలేదు. "ఓసి, దొరలకి కూడా మనలాంటి పిచ్చేనా?" అనేశాను. నా నోటికి హద్దూ పద్దూ లేదు.

స్వాతి నవ్వలేదు. "నేనూ ఇలాగే నవ్వానక్కా. మా గృహప్రవేశంనాడు హారతిస్తూ గంట కొట్టాను. మా మరిది అక్కడికక్కడే కుప్పకూలిపోయాడు. ఇరవై ఆరేళ్లు వాడికి. అదంతా మూఢనమ్మకమని నాకు నేనే చెప్పుకుంటూ ఇన్నేళ్లూ బతుకుతున్నాను."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె అత్తగారి బైబిల్లోని కాగితాల జిరాక్సులు బల్ల మీద పరిచింది. చావులన్నీ పాత దస్తూరీలో ఉన్నాయి. వేటబూర ఊదినప్పుడు ఒకడు, పెళ్లినాటి చర్చి గంటలకి ఒక వధువు, నిద్రలేపే గంటకి పదేళ్ల వారసుడు. వంశవృక్షంలో ఒక్కొక్కరి మీదా అడ్డగీత కొట్టుకుంటూ వచ్చాను. ఆ గీతల వరస తిన్నగా లిల్లీ సున్నా దగ్గరికి దిగింది.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది.

స్వాతి కెవ్వుమని కూతుర్ని వాటేసుకుంది. లిల్లీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని మాత్రం చూడటం లేదు. రెండు క్షణాలో, మూడో. "ఐయామ్ ఓకే, ఆంటీ," అంది మెల్లగా. ఫోన్ సైలెంట్‌లో పెట్టని నన్ను నేనే తిట్టుకుంటూ కార్డియాలజిస్టు కోసం పరుగెత్తాను.

తండ్రీకూతుళ్లిద్దరికీ చేసిన ఈసీజీ, ఆ తర్వాత జీన్ టెస్ట్ ఒకే మాట చెప్పాయి. లాంగ్ క్యూటీ. కొట్టుకున్న ప్రతిసారీ గుండె తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టే జబ్బు. అందులో ఒక రకానికి హఠాత్తుగా వచ్చే చప్పుడు చాలు, ప్రాణం పోవడానికి. ఆ ప్రభువులకి జబ్బు పేరు తెలియదు గానీ, ఇంట్లో గంటలన్నీ పీకించి ఎందరినో కాపాడుకున్నారు.

రిజల్టు రోజున సంబరంగా చెప్పాను, లిల్లీకీ ఎడ్వర్డ్‌కీ రోజూ మాత్రలు వేసుకుంటే ప్రమాదం చాలావరకు తప్పుతుందని, ఇందులో శాపం గీపం ఏమీ లేదని. స్వాతి అంతా విని, నెమ్మదిగా అడిగింది.

"అయితే అక్కా, మా మరిదిని చంపింది నా గంటేగా?"

ఆమెని అన్నేళ్లూ నిలబెట్టింది 'అదంతా మూఢనమ్మకం' అన్న ఒక్క మాటే. దాన్ని నేనే లాగేసుకున్నాను. అబద్ధం చెప్పాలనిపించింది, నోరు రాలేదు.

"గంటేనమ్మా. నీకు తెలియదు కదా."

ఆమె బల్ల మీద తల ఆనించి భోరున ఏడ్చింది. లిల్లీ తల్లి వీపు నిమురుతూ ఉండిపోయింది.

లిల్లీ ఇప్పుడు కులాసాగా కాలేజీకి వెళ్తోంది. జబ్బుకి పేరు దొరికితే ఇంటికి ఊరట అనుకునేదాన్ని నేను. ఇప్పుడు రిజల్టు కవరు విప్పేముందు, ఈ నిజం ఎవరి నెత్తిన పడుతుందోనని గదిలో ఒక్కొక్కరి ముఖమూ చూస్తాను.