అమ్మవారు రాని మంగళవారం

మాత్రలు మొదలెట్టిన కొన్నాళ్లకే అప్పలనర్సమ్మ గుమ్మంలో చెప్పులు మాయమయ్యాయి.

అంతకుముందు మంగళవారం వచ్చిందంటే భిలాయి సుపేలా బజారు వెనక సందులో ఆ ఇంటి ముందు చెప్పులు గుట్టపడేవి. స్టీల్ ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్ల నుంచి మన తెలుగువాళ్ల ఆడాళ్లు ఆటోలెక్కి వచ్చేవాళ్లు. కొడుక్కి ప్లాంటులో పర్మనెంటు అవుతుందా, కోడలికి కడుపు నిలుస్తుందా అని అడగడానికి. నర్సమ్మకి పూనకం వచ్చేది. అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, అది ఆరేదాకా పలికేది. కాలినట్టు ఆవిడకి తెలిసేదే కాదు. మర్నాడు బొబ్బ చూసుకుని, "ఇదెక్కడిదే?" అని కూతుర్ని అడిగేది.

పెళ్లయి విజయనగరం పక్క పల్లె నుంచి భిలాయి వచ్చినప్పుడు చిన్నపిల్ల. మొగుడు తాతబ్బాయి ఫర్నేసు డ్యూటీకి పోతే చుట్టూ హిందీ. పక్కింటావిడ పలకరిస్తే తలూపి తలుపేసుకునేది. అలాంటి ఒకరోజు బియ్యం ఏరుతుంటే వెనకనుంచి ఎవరో "నర్సీ" అన్నారు. తెలుగులో. అచ్చం ఊళ్లో పిలిచినట్టు. తిరిగి చూస్తే మనిషి లేదు. భయం వెయ్యలేదు సరికదా ప్రాణం లేచొచ్చింది. ఆ గొంతు ఏళ్ల తరబడి ఆవిడతో కాపురం చేసింది. తాతబ్బాయి పోయాడు గానీ అది పోలేదు. జనం దానికి పైడితల్లి అని పేరు పెట్టారు. ఆవిడ కాదనలేదు.

తర్వాత గొంతు మారింది. తిండి మానెయ్యమంది. పోయినేడు ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, రైలు పట్టాల మీద నడవమంది. గ్యాంగ్‌మన్ ఒకడు జబ్బ పట్టుకుని లాగబట్టి బతికింది. ఆ వార్త విని ఆడాళ్లు లెంపలేసుకుని దండం పెట్టారు. "ఆ పట్టాలు విజయనగరమే పోతాయి గదమ్మా! తల్లి ఊరికి పిలిపించుకుంటంది!"

మనిషి రైలు కింద పడబోతే దండం పెట్టారు. అదీ మనవాళ్ల భక్తి.

కూతురు కృష్ణప్రియకి ఆ భక్తి అంటలేదు. ఇక్కడే పుట్టిన పిల్ల, నెహ్రూ నగర్‌లో మొబైల్ షాపు కౌంటర్లో పని. తల్లిని స్కూటీ ఎక్కించి మానసిక డాక్టరు దగ్గర కూచోబెట్టింది. ఆయన అమ్మవారి జోలికే పోలేదు. "వస్తే రానీ అమ్మా, గోలీ మాత్రం మానకు" అన్నాడు, అంతే.

గోలీలు పనిచేశాయి. గొంతు పోయింది, దాంతోపాటు జనమూ పోయారు. ఇప్పుడు బియ్యం ఏరితే బియ్యమే. సాయంత్రం కూతురు వచ్చేదాకా కుక్కరు తప్ప ఇంట్లో కూత లేదు. ఒకటి రెండుసార్లు తనే, "ఏటే, ఉన్నావా?" అని పిలిచి చూసింది. లేదు.

పైడితల్లి పండగ వారంలో తులసమ్మ వచ్చింది. ఘటాలెత్తే ఆడాళ్లకి ఈవిడే పెద్ద.

"ఒదినా, మంగళారం ఘటాలు. తల్లి పలకాల."

"ఎక్కడొస్తాది తులసమ్మా, మాత్రలేసుకుంటన్నాను గదా."

"వారం ఆపితే కొంప మునిగిపోద్దేటి?" తులసమ్మ గొంతు తగ్గించింది. "మా సంజయ్ గురించి అడగాల. గదిలోంచి రాడు. నీళ్లోసుకోడు. ఫ్యాను తనని తిడతందంట! వీడు తిరిగి ఫ్యానుని తిడతన్నాడు. ఎవులో సేతబడి సేసినారు. ఆ ముండ ఎవులో తల్లే సెప్పాల."

నర్సమ్మ చేతిలో చాట ఆగిపోయింది. "సేతబడి కాదే. నా మాట ఇను. డాక్టరుకి సూపించు."

"నా కొడుక్కి పిచ్చేటి?" తులసమ్మ దిగ్గున లేచింది. "అందరూ నీలాగే అనుకున్నావా?"

పోయినేడు ఈ కాళ్ల మీదే పొర్లిన మనిషి.

మంగళవారం పొద్దున్న కృష్ణప్రియ స్కూటీ తీస్తూ అరిచింది. "మమ్మీ, గోలీ తిన్నావా?"

"తిన్నాను."

తినలేదు. మాత్ర పిడికిట్లో ఉంది. దీన్ని ఆపితే ఇవాళ కాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు "నర్సీ" అని వినిపిస్తుంది. గుమ్మం నిండుతుంది. ఆవిడకి కావాల్సిందీ అదే, అబద్ధమెందుకు. కానీ ఆ గొంతు సంజయ్‌కి ఏం చెబుతుంది? తనని పట్టాల మీదికి తోలింది కదా, వాణ్ని ఎక్కడికి తోలుతుందో!

మాత్ర మింగింది. నీళ్లు తాగి, జడ విప్పుకుంది.

గుమ్మం ముందు ఘటాలు దిగాయి, డప్పులు మొదలయ్యాయి. పూనకంలో తనెలా ఊగేదో నర్సమ్మకి తెలీదు, జనం చెప్పగా విన్నదే. విన్నట్టే ఊగింది. సిగ్గేసింది. వెనకెవరో, "మాత్రలు మింగుతంది గదా, ఇది నిజం పూనకమేనేటి?" అని గొణిగారు. తులసమ్మ కూడా దండం పెట్టకుండా చూస్తోంది.

నర్సమ్మ అరచేతిలో కర్పూరం పెట్టుకుని వెలిగించింది.

అమ్మా అనబోయి పళ్లు బిగించింది. ఇంత మంటా? ఇన్నేళ్లూ ఇంత మంటేనా? చెయ్యి దులిపేస్తే అయిపోతుంది, కానీ దులిపితే ఎవరూ నమ్మరు.

"తులసీ! సేతబడీ లేదు, గీతబడీ లేదు. నీ కొడుకుని డాక్టరుకాడికి తీసుకుపో. ఆళ్లిచ్చే మాత్రలో నానే ఉంటాను. మాన్పించినావో, నీ గడప తొక్కను!"

"అలాగే తల్లీ!" తులసమ్మ ధబాల్న కాళ్ల మీద పడింది.

పసుపు నీళ్లు పోసి, దండాలు పెట్టి అందరూ వెళ్లిపోయారు. ఆవిడ చెయ్యి ఒక్కరూ చూడలేదు. కుళాయి కింద చెయ్యి పెట్టి నర్సమ్మ చాలాసేపు నిలబడింది. లోపల చెవి పెట్టి విన్నా నీళ్ల చప్పుడే.

తర్వాత వారం ఆసుపత్రిలో మందుల కిటికీ దగ్గర తులసమ్మ కనపడింది. నర్సమ్మని చూడగానే కొంగు మొహం మీదికి లాక్కుని అటు తిరిగిపోయింది. పిచ్చి డాక్టరు దగ్గర తెలిసినవాళ్లు కనపడితే ఎవరైనా అంతే. సంజయ్ మాత్రం వచ్చి బెంచీ మీద నర్సమ్మ పక్కన కూచున్నాడు. గడ్డం పెరిగిపోయి ఉంది. ఆవిడ అరచేతిలో బొబ్బ వైపే చూశాడు.

"కాలిందా ఆంటీ?"

"కాలింది నాన్నా."

"ఇంతకుముందు తెలిసేది కాదంట. అమ్మ చెప్పింది."

"అప్పుడు తోడుండేది."

"నాకూ ఒకడున్నాడు. తిడతాడు. గోలీ తింటే పోతాడా?"

"పోతాడు."

"పోతే?"

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న ఆవిడనెవరూ అడగలేదు. అబద్ధమాడ బుద్ధి కాలేదు.

"ఇల్లు బోసిపోద్ది. అప్పుడు మా ఇంటికొచ్చేయి. బియ్యం ఏరుకుందాం."

"సంజయ్, ఇటు రా!" కొంగు చాటునుంచి తులసమ్మ కేక. వాడు లేచి వెళ్లిపోయాడు.

నర్సమ్మ బెంచీ మీదున్న తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది, ఇంకెవరైనా వస్తే కూచుంటారని.